చలికి పైపులు గడ్డకట్టకుండా, గడ్డకట్టినా పగలకుండా

ఉదయం వంటగది కొళాయి తిప్పితే చుక్క రాలేదు, మధ్యాహ్నానికి నీళ్లు వాటంతటవే వచ్చాయి అని రాశారు. ఇక పర్వాలేదా, మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి, వచ్చే నెల రెండు వారాలు ఇంటికి తాళం వేసి వెళ్తున్నాం కాబట్టి ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఇళ్ల ప్లంబింగ్ పనిలోనే ఉన్నాను. చలికాలంలో నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం, ముందురోజు కాస్త సమయం పెట్టి ఉంటే రావాల్సినవి కావు. అందుకే కాస్త పొడుగైనా వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ రోజే చేయాల్సిన పని. నీళ్లు వచ్చాయంటే లోపలి గడ్డ కరిగిందని మాత్రమే అర్థం, పైపు బాగుందని కాదు. పైపు చీలినా లోపల మంచు ఉన్నంతసేపు ఆ మంచే బిరడాలా అడ్డుపడుతుంది. కరిగాకే కారడం మొదలవుతుంది. గోడ లోపల సన్నగా చీలితే పైకి చెమ్మ కనపడటానికి రోజులు పట్టొచ్చు. కాబట్టి ఇంట్లో కొళాయిలన్నీ కట్టేయండి, ఫ్లష్ ట్యాంకులు నిండనివ్వండి, వాషింగ్ మెషీన్ లాంటివి ఆపేయండి. తర్వాత నీటి మీటరు దగ్గరికి వెళ్లి అందులోని చిన్న చక్రాన్నో ముల్లునో చూడండి. ఎవరూ నీళ్లు వాడనప్పుడు అది మెల్లగానైనా తిరుగుతుంటే ఎక్కడో కారుతున్నట్టే. మీటరు లేకుండా పైన ట్యాంకు నుంచి వచ్చే నీళ్లైతే, ట్యాంకులోకి నీళ్లు రావడం ఆపి, మట్టం గుర్తు పెట్టుకుని రెండు గంటల తర్వాత మళ్లీ చూడండి. సింకు కింది అరలో సామాను బయటికి తీసి, పైపు గోడలోకి వెళ్లే చోట పొడి గుడ్డతో తుడిచి చూడటం కూడా మర్చిపోకండి.

పైపు అసలు ఎందుకు పగులుతుందో తెలిస్తే సగం జాగ్రత్తలు మీకే తడతాయి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆ మంచు పైపు గోడను పక్కకి నెట్టి చీలుస్తుందని అందరూ అనుకుంటారు. అలా జరగకపోదు గానీ, ఇళ్లలో ఎక్కువగా జరిగేది వేరు. పైపులో బాగా చల్లబడిన ఒకచోట మంచు దారి మొత్తం మూసేస్తుంది. ఆ తర్వాత అది పైపు పొడవునా పెరుగుతూ పోతుంది. మెయిన్ వైపు, అంటే ఇంటికి నీళ్లు వచ్చే ప్రధాన పైపు వైపు, నీరు వెనక్కి జరగగలదు కాబట్టి అటు పెద్ద ఇబ్బంది ఉండదు. కొళాయి కట్టేసి ఉంటే మాత్రం గడ్డకీ కొళాయికీ మధ్య చిక్కుకున్న నీటికి పోయే దారి లేదు. నీరు నొక్కితే కుంచించుకునేది కాదు. మంచు కొద్దిగా పెరిగినా ఆ మధ్య భాగంలో పీడనం మామూలు కంటే ఎన్నో రెట్లు పెరిగి, బలహీనమైన జాయింటు దగ్గరో, ఎల్బో అనే వంపు ముక్క దగ్గరో, పైపు నిడివిలో ఎక్కడో పగిలిపోతుంది. అందుకే పగిలిన చోటు చూసినవాళ్లు "ఇక్కడ అంత చలి లేదే" అని ఆశ్చర్యపోతుంటారు. గడ్డకట్టింది బయటి గోడలో, పగిలింది వెచ్చగా ఉన్న సింకు కింద.

నేను అందరికీ నొక్కి చెప్పేది ఇదే: గట్టి చలి రాత్రి నీటికి బయటికి పోయే దారి ఒకటి వదలండి. కొళాయి కాస్త తెరిచి ఉంటే లోపల గడ్డకట్టినా పీడనం పేరుకోదు, పైపు చాలావరకు బతుకుతుంది. పైపులకి ఇన్సులేషన్, అంటే వేడి పోకుండా ఆపే తొడుగు, చుట్టి, కొళాయిలు గట్టిగా బిగించి నిశ్చింతగా పడుకునే ఇంటికంటే, సన్న ధార వదిలిన మామూలు ఇంటికే ప్రమాదం తక్కువ.

ఎంత చలికి జాగ్రత్త పడాలి అంటే, అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన బిల్డింగ్ రీసెర్చ్ కౌన్సిల్ ఇన్సులేషన్ లేని పైపులను పరీక్షించి, బయట ఉష్ణోగ్రత సుమారు మైనస్ 7 డిగ్రీలకు దిగితే అప్రమత్తం కావాలని చెప్పింది. అది అటక లాంటి, వెచ్చదనం అందని చోట ఇంటి లోపలే ఉన్న పైపుల సంగతి. పూర్తిగా బయట, గాలికి ఉన్న పైపుకి అంత చలి అక్కర్లేదు. సున్నాకి కొద్దిగా కిందికి దిగి రాత్రంతా అలాగే ఉంటే చాలు. ఇంకో సంగతి, నిలిచిన నీరు సున్నా కిందికి దిగాక కూడా కొన్ని డిగ్రీల వరకు ద్రవంగానే ఉండి, ఆ తర్వాత ఉన్నట్టుండి మంచు పలుకులతో నిండిపోగలదు. "పడుకునే ముందు కూడా బాగానే వచ్చాయండీ" అని అందరూ అనడానికి కారణం అదే. సాయంత్రం నీళ్లు వచ్చాయన్నది తెల్లవారుజామున వస్తాయనడానికి హామీ కాదు.

జాగ్రత్తల్లో మొట్టమొదటిది చలితో సంబంధం లేనిది. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలియాలి, అది తిరగాలి. పైపు పగిలాక నష్టాన్ని నిర్ణయించేది ఆ వాల్వ్ కట్టడానికి పట్టే సమయమే. ఏళ్ల తరబడి ముట్టుకోని గేట్ వాల్వ్, అంటే గుండ్రటి చక్రం ఉన్నది, అవసరమైనప్పుడు బిగుసుకుపోయి ఉంటుంది. లేదా చక్రం తిరుగుతుంది గానీ లోపలి పలక కదలదు. ఈ వారమే ఒకసారి పూర్తిగా కట్టి, కొళాయిలో ధార నిజంగా ఆగిందో లేదో చూసి, మళ్లీ తెరవండి. పూర్తిగా తెరిచాక పావు చుట్టు వెనక్కి తిప్పి వదిలితే మళ్లీ పట్టేయదు. బలంగా తిప్పకపోతే కదలనంటుంటే పానా వేసి పోరాడకండి, కాడ విరిగితే ఇంకో గొడవ. చలి ముదరకముందే దాన్ని తీయించి బాల్ వాల్వ్ పెట్టించుకోండి. పిడిని పావు వంతు తిప్పితే నీళ్లు ఆగిపోతాయి. వృద్ధులు కూడా తిప్పగలరు, తెరిచి ఉందో కట్టి ఉందో పిడి చూస్తేనే తెలుస్తుంది. అదే మెయిన్ వాల్వ్ అని తెలిసేలా దానికి ఒక చీటీ కట్టండి.

ఇక మీ వంటగది. మిగతా కొళాయిలు పనిచేసి అదొక్కటే ఆగిందంటే సమస్య మెయిన్ లైన్లో లేదు, వంటగదికి విడిపోయిన కొమ్మ పైపులో ఉంది. మధ్యాహ్నం కాస్త వేడెక్కగానే కరిగిందంటే ఆ పైపు బయటి గోడలోనో, గోడని ఆనుకునో ఉండి ఉంటుంది. ఒకసారి గడ్డకట్టిన చోటే మళ్లీ కడుతుంది. కాబట్టి మీ పని సులువు, ఎక్కడ చూడాలో పైపే చూపించింది. సింకు కింద, వెనుక గోడలో పైపు దూర్చడానికి కొట్టిన కంత చుట్టూ సందు ఉందేమో చూడండి. గాలి వీస్తున్నప్పుడు తడి చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. పైపుకి శత్రువు చలికంటే ఆ సందులోంచి వచ్చే చలిగాలి. గాలి వల్ల పైపు బయటి ఉష్ణోగ్రత కంటే కిందికి దిగదు గానీ, ఆ ఉష్ణోగ్రతకి చాలా త్వరగా చేరిపోతుంది. చిన్న సందైతే సిలికాన్, పెద్దదైతే ఫోమ్ స్ప్రే కొట్టి మూసేయండి. ఖర్చుకి తగ్గ ఫలితం దీనికి వచ్చినంతగా ఇంక దేనికీ రాదు.

చలి రాత్రుల్లో సింకు కింది తలుపులు తెరిచి ఉంచండి. మూసిన అరలోకి గది వెచ్చదనం చేరదు. పిల్లలున్న ఇంట్లో అయితే అక్కడి యాసిడ్ సీసాలు, క్లీనింగ్ ద్రవాలు ముందు తీసి ఎత్తులో పెట్టాలి. రాత్రి హీటరు తగ్గించే అలవాటు ఉంటే ఆ నాలుగు రోజులు మానుకోండి.

ఇన్సులేషన్ గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. పైపుకి తొడిగే ఫోమ్ గొట్టం, అంటే స్లీవ్, వేడిని పుట్టించదు. ఉన్న వేడి పోవడాన్ని ఆలస్యం చేస్తుందంతే. రాత్రి గడిచేదాకా నెట్టుకురావడానికి అది చాలు. నాలుగు రోజులు ఎడతెగకుండా సున్నా కింద ఉంటే, నీళ్లు కదలని పైపు ఎంత చుట్టినా గడ్డకడుతుంది. చుట్టేటప్పుడు ఎల్బోలు, పైపు రెండుగా చీలే చోట ఉండే టీ ముక్కలు, వాల్వులు వదిలేస్తుంటారు, చలి దూరేది సరిగ్గా అక్కడే. స్లీవ్ చీలికని టేపుతో మూయండి, మూలల్లో ముక్కల్ని ఏటవాలుగా కోసి కలపండి. బయట ఉన్నదైతే వాన నీరు లోపలికి దిగకుండా చూడాలి, తడిసిన ఇన్సులేషన్ దండగ. గోడలో ఉన్న పైపుకి ఇన్సులేషన్ బయటి వైపు ఉండాలి. పైపుకీ గదికీ మధ్య పెడితే గది వెచ్చదనాన్ని కూడా అడ్డుకున్నట్టవుతుంది. ఇది పనివాళ్లు కూడా తరచుగా చేసే పొరపాటు.

ధార వదలడం అంటే అన్ని కొళాయిలూ తెరవడం కాదు. మెయిన్ నుంచి చూస్తే చివర ఉన్నదీ, బయటి గోడ మీదుగా వెళ్లే పైపుకి ఉన్నదీ తెరిస్తే సరిపోతుంది. మీకైతే వంటగది కొళాయే. వేడి నీళ్లకి వేరే పైపు ఉంటే అది కూడా అంతే త్వరగా గడ్డకడుతుంది, రాత్రి గీజర్ పైపులో నీరు నిలిచే ఉంటుంది కాబట్టి రెండూ వదలాలి. ఒకే పిడి ఉన్న మిక్సర్ అయితే మధ్యలో ఉంచండి. చుక్కలు పడితే పీడనం పేరుకోదు, కానీ గడ్డే కట్టకుండా ఉండాలంటే తెగకుండా పడే సన్న ధార కావాలి. నీళ్లు వృథా అనిపిస్తే బకెట్లో పట్టుకుని పొద్దున వాడుకోండి. పట్టుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. డ్రెయిన్ పైపు బయట చలిలో వేలాడుతుంటే, ఈ సన్న ధార దాన్లో పొరలు పొరలుగా గడ్డకట్టి మూసేసి, తెల్లారేసరికి సింకు పొంగుతుంది.

ఎక్కడ ఏం చేసినా ప్రతి ఏడూ గడ్డకట్టే పైపు ఒకటి ఉంటుంది. దానికి హీట్ కేబుల్, అంటే కరెంటుతో వేడెక్కే తీగ, చుట్టించుకోవచ్చు. అవసరాన్ని బట్టి తన వేడిని తనే తగ్గించుకునే రకం, అంటే సెల్ఫ్ రెగ్యులేటింగ్ కేబుల్ తీసుకోండి. మామూలు రకంలో తీగ మీద తీగ పడితే అక్కడ కాలిపోతుంది. ప్లాస్టిక్ పైపు మీద వాడొచ్చో లేదో ప్యాకెట్ మీద చూడాలి. లీకేజీ కరెంటుకి ట్రిప్ అయ్యే బ్రేకరు ఉన్న లైనుకే కలపాలి. పాతబడి, పై తొడుగు పగిలిన కేబుల్‌ని "ఈ ఏడాదికి నడిపిద్దాం" అనుకోకండి. ఇళ్లు తగలబడ్డాయి.

ఇంటి బయట చూడాల్సినవి ఇంకొన్ని. తోట కొళాయికి తగిలించిన గొట్టాన్ని చలికి ముందే తీసేయండి. చలికి తట్టుకునేలా చేసిన కొళాయి ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఆ కొళాయి పనితనమంతా, కట్టాక ముందు భాగంలోని నీరు బయటికి కారిపోవడంలోనే ఉంది. గొట్టం తగిలించి ఉంటే ఆ నీరు కారదు, గోడ లోపల గడ్డకట్టి చీలుతుంది. వాడకం లేని కాలంలో ఎవరికీ తెలియదు, ఎండలొచ్చి మొదటిసారి తిప్పిన రోజు గోడలోకి నీళ్లు చిమ్ముతాయి. మామూలు కొళాయి అయితే లోపలి వాల్వ్ కట్టి, బయట కొళాయి తెరిచి, అలాగే వదిలేయండి. బయట పెట్టిన నీటి మోటారు ఉంటే దాని పంపు కేసింగ్, అంటే పై పెంకు, కింద నీళ్లు వదలడానికి ఒక చిన్న డ్రెయిన్ ప్లగ్గు ఉంటుంది, వాడనప్పుడు విప్పి నీళ్లు వదిలేయాలి. కాస్ట్ ఐరన్ కేసింగ్ పగిలితే అతుకు నిలవదు. నీటి పీడనాన్ని బట్టి ఆన్, ఆఫ్ చేసే ప్రెషర్ స్విచ్‌తో నడిచే మోటారైతే ఆ స్విచ్‌కి వెళ్లే సన్న గొట్టం అన్నిటికంటే ముందు గడ్డకడుతుంది. మోటారు ఆన్ కాదు, లేదా ఆగనే ఆగదు. మోటారు కాలిందని విప్పేముందు ఆ గొట్టం వెచ్చబెట్టి చూడండి.

మేడ మీద సోలార్ వాటర్ హీటర్ ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. మబ్బు లేని రాత్రి ఆ పలకలు తమ వేడిని నేరుగా ఆకాశంలోకి పోగొట్టుకుంటాయి. అందుకే గాలి ఉష్ణోగ్రత ఇంకా 4, 5 డిగ్రీలు ఉండగానే పలకలోని సన్న గొట్టాల్లో నీరు గడ్డకట్టొచ్చు. "ఇంకా సున్నా రాలేదు కదా" అనుకుంటే దెబ్బ తింటారు.

ఇంత చేసినా ఒక పొద్దున నీళ్లు రాలేదనుకోండి. కంగారుపడి వేడి పెట్టేముందు, ఆగిపోయిన కొళాయిని తెరిచి ఉంచండి. కరిగిన నీటికి దారి కావాలి. ఇంకొకరిని మెయిన్ వాల్వ్ దగ్గర ఉంచండి, ఒంటరిగా ఉంటే దాన్ని దాదాపుగా కట్టేసి సన్నగా మాత్రం వదలండి. తర్వాత కనపడే పైపుని చేత్తో తడుముతూ వెళ్లండి. మరీ చల్లగా, పైన తెల్లటి మంచు పొడి పట్టి, లేదా కొద్దిగా ఉబ్బి ఉన్న చోటే గడ్డ. చీలిక కనపడితే మెయిన్ పూర్తిగా కట్టేసి, ఆ తర్వాతే కరిగించండి.

వేడి పెట్టడం కొళాయి వైపు నుంచి మొదలుపెట్టి గడ్డ వైపుకి జరుగుతూ పోవాలి. మధ్యలో మొదలుపెడితే కరిగిన నీరు రెండు గడ్డల మధ్య ఇరుక్కుంటుంది. హెయిర్ డ్రైయర్ చాలా మంచి పనిముట్టు, ఒకేచోట ఆపకుండా కదుపుతూ ఉండాలి, చుట్టుపక్కల నీళ్లు నిలవకుండా చూసుకోవాలి. కరెంటు వస్తువు వద్దనుకుంటే వేడినీళ్లలో పిండిన తువ్వాలు చుట్టి, చల్లారగానే మార్చండి. ప్లాస్టిక్ పైపులకి వేడి మితంగా ఉండాలి. మామూలు పీవీసీ 60 డిగ్రీల వరకే తట్టుకోగలదు, వేడినీళ్ల సీపీవీసీ అయితే 93 దాకా. మరిగే నీళ్లు పోస్తే పీవీసీ మెత్తబడి వంగిపోతుంది. టాయిలెట్ పింగాణీ మీద, సోలార్ గాజు గొట్టాల మీద మరిగే నీళ్లు అసలు పోయకండి, టప్పున పగులుతాయి. నీళ్లు సన్నగా మొదలయ్యాక కూడా వేడి ఆపకుండా, ధార మామూలుగా వచ్చేదాకా కొనసాగించండి. ఓపిక కావాలి, అరగంటలో అయ్యే పని కాకపోవచ్చు.

నిప్పు మాత్రం వద్దు. బ్లో టార్చ్, గ్యాస్ మంట, కాగితం ముట్టించి చూపడం, ఏదీ వద్దు. రెండు గడ్డల మధ్య ఉన్న నీరు ఆవిరైతే పైపు పేలుతుంది. రాగి పైపు అతుకుల్లోని సోల్డర్ అనే లోహపు అతుకు కరిగిపోతుంది. గోడ లోపలి చెక్కకో ఇన్సులేషన్‌కో నిప్పంటుకుని, మీరు పని ముగించి వెళ్లాక రాజుకుంటుంది. ఇనుప పైపుకి వెల్డింగ్ మిషన్ తీగలు తగిలించి కరిగించేవాళ్లు కూడా ఉన్నారు. ఎవరైనా అలా చేస్తామంటే పంపించేయండి.

గడ్డ గోడ లోపల ఉందనిపిస్తే ఆ గది వెచ్చబెట్టి, తలుపులు తెరిచి వేచి చూడండి. కొన్ని గంటలైనా కదలకపోతే ప్లంబర్ని పిలవండి. ఇంట్లో ఒక్క కొళాయి కూడా రాక, పక్కింట్లో కూడా రాకపోతే అది మీ చేతుల్లో లేదు, నీళ్లు సరఫరా చేసేవాళ్లకి చెప్పాలి. పక్కింట్లో వచ్చి మీకు మాత్రమే రాకపోతే వీధి నుంచి మీ ఇంటికి వచ్చే భూమిలోని పైపుని అనుమానించాలి. చలి నేలలోకి మెల్లగా దిగుతుంది కాబట్టి, పైన వాతావరణం కాస్త తెరిపి ఇచ్చాక కొన్ని రోజులకి కూడా ఆ పైపు గడ్డకట్టొచ్చు.

పైపు పగిలి నీళ్లు చిమ్ముతుంటే వరస ఇది: మెయిన్ కట్టండి, గీజర్ ఆపండి, కింది అంతస్తులో కొళాయిలన్నీ తెరవండి. అప్పుడు పైపుల్లో మిగిలిన నీరు పగుల్లోంచి కాకుండా కొళాయిల్లోంచి పోతుంది. నీరు స్విచ్చులదాకా, సీలింగ్ లైట్లదాకా వచ్చి ఉంటే కరెంటు మెయిన్ కూడా ఆపాలి. అయితే నీళ్లలో నిలబడి బోర్డు ముట్టుకోవద్దు. ఫాల్స్ సీలింగ్ బొజ్జలా ఉబ్బి ఉంటే దాని కిందికి ఎవరినీ వెళ్లనివ్వకండి, నీటి బరువుకి మొత్తంగా కూలుతుంది. బీమా ఉంటే తుడవకముందే ఫోటోలు తీసుకోండి, కోసి తీసిన పైపు ముక్క కూడా దాచండి. తడిసిన పరుపులు, చాపలు, చెక్క అరలు 24 నుంచి 48 గంటల్లోపు ఆరకపోతే బూజు పడుతుంది, కాబట్టి ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టడం రేపటికి వాయిదా వేయకండి.

ప్లంబర్ వచ్చేదాకా సన్న చీలికకి రబ్బరు ముక్క, పాత సైకిల్ ట్యూబైనా సరే, గట్టిగా చుట్టి పైన గొట్టాలకి బిగించే లోహపు పట్టీలు (హోస్ క్లాంపులు) రెండు మూడు బిగించి, మెయిన్ సగమే తెరిచి నడుపుకోవచ్చు. కలిపి అద్దితే గట్టిపడే ఎపాక్సీ పుట్టీ కావాలంటే పైపు పొడిగా ఉండాలి, లోపల పీడనం ఉండకూడదు, చలికి అది గట్టిపడటం కూడా ఆలస్యమే. ఇవన్నీ ఒకటి రెండు రోజులకే. అసలు రిపేరులో ఒకటి గమనించండి. రాగి పైపు చీలిన చోటికి అటూ ఇటూ కూడా కొంత దూరం ఉబ్బి ఉంటుంది. గుండ్రంగా ఉన్న చోటుదాకా కోస్తేనే కొత్త ఫిట్టింగ్ ఎక్కుతుంది. పెక్స్ అనే వంగే ప్లాస్టిక్ పైపు కొంత సాగి తట్టుకుంటుంది గానీ దాని జాయింట్లు తట్టుకోవు. సీపీవీసీ చలికి పెళుసుబారుతుంది, కోసేటప్పుడే బీటలు పడొచ్చు, పైగా దాని అతుకు ఆరడానికి చలిలో ఎక్కువ సమయం కావాలి. అతికించే జిగురు డబ్బా మీద ఉష్ణోగ్రతని బట్టి ఎంతసేపు ఆగాలో పట్టిక ఉంటుంది, తొందరపెట్టి వెంటనే నీళ్లు వదిలించకండి. ఒకచోట పగిలిన లైనులో ఇంకోచోట కూడా పగిలి ఉండటం మామూలే. ప్లంబర్ వెళ్లేముందే పూర్తి పీడనంతో పరీక్షించండి.

గడ్డకట్టడంతో సంబంధం లేని చిన్న ఇబ్బందులు కూడా చలికాలంలో వస్తాయి. వాటికి టెన్షన్ పడక్కర్లేదు. గీజర్ పాడైందని ఫోన్ చేసేవాళ్లు చాలామంది. 15 లీటర్ల, 2 కిలోవాట్ల గీజర్ 25 డిగ్రీల నీటిని 60కి తేవడానికి సుమారు 18 నిమిషాలు పడితే, 5 డిగ్రీల నీటికి 29 నిమిషాలు పడుతుంది. గీజర్ తప్పేం లేదు, వచ్చే నీరే చల్లగా ఉంది. వేడెక్కేటప్పుడు దాని సేఫ్టీ వాల్వ్ నుంచి కాసిని చుక్కలు పడితే అది వేడికి నీరు వ్యాకోచించడం వల్లే. ఆ వాల్వ్‌ని ఎప్పుడూ మూసేయకండి. 10 మీటర్ల సీపీవీసీ పైపు 30 డిగ్రీల తేడాకి దాదాపు 18 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది, అందుకే క్లిప్పులు బిగుతుగా కొట్టిన చోట టక్ టక్ మని చప్పుడు, జాయింట్లలో కారడం కనిపిస్తాయి. కొళాయి కట్టినా కారుతుంటే రబ్బరు వాషరు గట్టిపడి ఉంటుంది, మారిస్తే సరి. నూనె జిడ్డు సింకులో పోయడం ఎప్పుడూ మంచిది కాదు, చలిలో అయితే పైపులో వెంటనే పేరుకుని గట్టిపడుతుంది.

చివరగా మీ రెండు వారాల ప్రయాణం. ఇంట్లో హీటింగ్ నమ్మకంగా నడిచేదైతే 13 డిగ్రీలకి తగ్గకుండా పెట్టి వెళ్లొచ్చు. కరెంటు పోతే ఆ రక్షణ పోతుంది. అందుకే హీటింగ్ పెట్టినా సరే మెయిన్ కట్టేసి వెళ్లమంటాను. అప్పుడు పగిలినా పైపుల్లో ఉన్న నీరే కారుతుంది, రెండు వారాలపాటు ఇల్లు మునగదు. అయితే నీటితో నడిచే రేడియేటర్లు, బాయిలరు ఉంటే వాటికి నీరు ఎలా అందుతుందో ముందు కనుక్కోండి, వాటి లైను కట్టకూడదు. మీరు లేనప్పుడు ఒకరిని మధ్యలో వచ్చి చూడమని చెప్పి, మెయిన్ ఎక్కడుందో చూపించి వెళ్లండి.

హీటింగ్ లేకుండా వదిలేస్తుంటే నీళ్లు పూర్తిగా తీసేయాలి. ముందు గీజర్ స్విచ్ ఆపండి. మెయిన్ కట్టండి. పై అంతస్తు కొళాయిలు తెరిచి గాలి లోపలికి రానివ్వండి, అన్నిటికంటే కింద ఉన్న కొళాయి లేదా డ్రెయిన్ వాల్వ్ తెరిచి నీళ్లు పోనివ్వండి. గీజర్ ట్యాంకు కూడా ఖాళీ చేయించండి. ఫ్లష్ కొట్టి ట్యాంకులో మిగిలింది స్పాంజితో తీయండి. వాషింగ్ మెషీన్ గొట్టాలు, షవర్ గొట్టం మర్చిపోతుంటారు. సింకుల కింద వంపులో, టాయిలెట్లో నిలిచే నీటిని మొత్తం తీసేస్తే దుర్వాసన లోపలికి వస్తుంది. అక్కడ ప్లంబింగ్ కోసమే అమ్మే ప్రొపిలీన్ గ్లైకాల్ యాంటీఫ్రీజ్ పోయాలి. కార్లలో వాడే ఎథిలీన్ గ్లైకాల్ విషం, అది ఇంటి డ్రెయిన్లలో పోయకండి.

తిరిగి వచ్చాక మెయిన్ ఒక్కసారిగా తెరవకండి. ఇల్లు వెచ్చబడనివ్వండి, కొళాయిలన్నీ తెరిచే ఉంచి, మెయిన్ కొద్దికొద్దిగా తిప్పండి. గాలి బుసబుసమంటూ పోయాక ధార నిలకడగా వచ్చిన కొళాయిని ఒక్కొక్కటిగా కట్టుకుంటూ రండి, దారిలో ప్రతి జాయింటునీ చేత్తో తడిమి చూడండి. వేడినీళ్ల కొళాయిలోంచి గాలి లేకుండా నిండు ధార వచ్చేదాకా గీజర్ స్విచ్ వేయవద్దు. ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ క్షణాల్లో కాలిపోతుంది.